నిద్రించిన సహోదరి పెళ్లి

నేను చచ్చిపోయిన సంగతి నాకు ఆదివారం మధ్యాహ్నం కోడికూరలో మసాలా వేస్తుండగా తెలిసింది.

ఫోను టింగుమంది. చెయ్యి కొంగుకు తుడుచుకుని చూశాను. మా సీయోను సంఘం గ్రూపులో నా ఫొటో! ఓటరు కార్డు కోసం తీసిన ఆ ఫొటో నాకెప్పుడూ నచ్చదు. దాని చుట్టూ పూలదండ, కింద రెండు కొవ్వొత్తులు. "గొర్రె నంబరు నూట పద్నాలుగు, మన ప్రియ సహోదరి కట్టా కెజియమ్మ గారు ఈ ఉదయం పదకొండు గంటల నలభై రెండు నిమిషాలకు ప్రభువునందు నిద్రించిరి. ఆదరణ కూడిక మంగళవారం సాయంత్రం. ఇట్లు, కాపరి."

నిద్రించిరి అంటే మా వాళ్ల భాషలో పోయారని, ఆదరణ కూడిక అంటే సంతాపసభ అని. మా సంఘంలో ఎవరూ చచ్చిపోరు. నిద్రిస్తారు, పిలుపందుకుంటారు, మహిమలో ప్రవేశిస్తారు. చావు అనే పాడుమాట మా నోట రాదు. ఆ మర్యాదే నా కొంప ముంచింది.

కాపరి అంటే మనిషి అనుకునేరు. యాప్. మా సంఘాలన్నిటికీ పైనున్న మహాసభ వారి డిజిటల్ పరిచర్య విభాగం దాన్ని ఈస్టరుకు ముందు విడుదల చేసింది. "సాంకేతికత లేని సంఘము నూనె లేని దివిటీ" అని సర్క్యులర్ కూడా పంపారు. ఒక్కొక్కరికీ ఒక గొర్రె నంబరు ఇచ్చారు. గుడిలో నాలుగు మూలలా నాలుగు కెమెరాలు బిగించి వాటికి 'కాపరి కన్ను' అని పేరు పెట్టారు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు పాట మధ్యలో బయటికెళ్లారు, అన్నీ అదే రాసుకుంటుంది. బాప్తిస్మమైనా, పెళ్లైనా, సమాధైనా అది ఒప్పుకుంటేనే.

మరి నన్నెందుకు చంపిందంటే, కెమెరాలు పెట్టిన కంపెనీవాళ్లు ఒక ఏర్పాటు చేశారు. ఎవరైనా తల వాల్చి, కళ్లు మూసుకుని, పెదవులు కదపకుండా రెండు నిమిషాలు ఉంటే 'నిద్రించెను' అని రాసుకొమ్మన్నారు. పెదవులు కదిలితే ప్రార్థనట, కదలకపోతే నిద్రట. ఆ సంగతి తెలియని మహాసభ వాళ్లు నూరేళ్ల నాటి సంఘం రిజిస్టర్లన్నీ తెచ్చి యాప్‌కు నేర్పించారు. వాటిలో 'నిద్రించెను' అని ఎక్కడుందో ఆ పక్కనే సమాధి నంబరుంది. యంత్రం ఆ రెండింటినీ కలుపుకుంది. మన మర్యాదలు దానికేం తెలుసు పాపం!

నిద్రపోయానా అంటే పోయాను, అబద్ధమెందుకు. మే నెల, కరెంటు లేదు. ఫ్యాన్లకు ఇన్వర్టరు లేదు గానీ కెమెరాలకు ఉంది. యాప్ ఎలా ఎక్కించుకోవాలో మా పాస్టరు జెకర్యా అయ్యగారు గంటా నలభై నిమిషాలు వాక్యోపదేశం చేశారు. ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసిన దాన్ని, నిలబడి కూడా నిద్రపోగలను. కూర్చోబెట్టి అంతసేపు చెబితే ఇంకేముంది!

ఇంకెప్పుడైనా అయితే పడీపడీ నవ్వేదాన్ని. కానీ పై వారం గురువారం నా పెళ్లి.

అవును, నా పెళ్లే. యాభై ఆరేళ్లు నాకు. మా ఆయన పోయి పంతొమ్మిదేళ్లయింది, పిల్లల్లేరు. పెళ్లికొడుకు ఆశీర్వాదం మాస్టారు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, గుడిలో హార్మోనియం వాయిస్తారు. ఆయన భార్య పోయి ఆరేళ్లు. బీపీ బిళ్లలు వేసుకున్నారా అని ఆయన గుర్తుచేసేవారు, నేను కూర పంపేదాన్ని. గిన్నెలు రెండేళ్లు అటూ ఇటూ తిరిగాక, "ఈ గిన్నెలకు ఇంత ప్రయాణం ఎందుకండీ కెజియమ్మ గారూ" అని ఆయనే అడిగారు. అడగడానికి ఆ మాట ఎన్నాళ్లు వెతుక్కున్నారో!

మాలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదవాలి. ఫలానావారిని ఫలానావారికి జతచేయబోతున్నాం, అభ్యంతరాలుంటే చెప్పండి అని. రెండు అయ్యాయి. మూడోది వచ్చే ఆదివారం చదవకపోతే గురువారం పెళ్లి లేదు. రిజిస్ట్రారు ఆఫీసుకు పోవచ్చు కదా అని మీరంటారు. ఎందుకు పోవాలి? దొంగచాటుగా సంతకం పెట్టి రావడానికి నేనేం తప్పు చేశాను? పంతొమ్మిదేళ్లు ఆ గుడిలో విధవరాళ్ల బల్లమీద కూర్చున్నాను. ఆ బల్ల మీంచే లేచి, అందరూ చూస్తుండగా ముందుకు నడిచి వెళ్లాలి. నాకు అదే కావాలి.

గ్రూపులో ఎనభై ఆరు మంది 'రిప్' అని పెట్టారు. ఒక్కరు ఇంటికి రాలేదు. పెరుగు ప్యాకెట్టు కోసం కొట్టుకు వెళ్తే మా ఆడబిడ్డ తబిత ఎదురైంది. నా పెళ్లి మాట పుట్టినప్పటినుంచీ నాతో సరిగ్గా మాట్లాడని మనిషి.

"అయ్యో వదినా!" అని నన్ను పట్టుకుని భోరుమంది. "నిన్ను చూస్తుంటే కడుపు తరుక్కుపోతోందే."

"ఏడవకే, బతికే ఉన్నాగా."

"ఉంటే మాత్రం? సంఘం ఒప్పుకోవద్దూ?" అని ముక్కు చీదుకుంది. "ఏదైనా దేవుడి చిత్తం వదినా. ఈ వయసులో పెళ్లేమిటని ఆయనే ఆపాడేమో!"

ఇంటికొచ్చేసరికి మాస్టారు గుమ్మంలో ఉన్నారు. చొక్కా తిరగేసి తొడుక్కున్నారు, సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా గోడవార పడేశారు. నన్ను చూసి మెట్టుమీద కూలబడ్డారు. "ఇంకోసారి ఒంటరివాణ్ణి అయ్యాననుకున్నానండి" అన్నారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. లోపలికి రమ్మని నా ఆదరణ భోజనం నేనే వడ్డించాను.

సోమవారం పొద్దున్నే జెకర్యా అయ్యగారి దగ్గరికి పోయాం. ఆయన మంచివారే. కానీ సంఘం వివరాల్లో తప్పు వస్తే కాపరి పాస్టర్లకు మార్కులు తగ్గిస్తుందని, మార్కులు తగ్గితే ఏ అడవిలోకో బదిలీ చేస్తారని భయం.

"వందనాలమ్మా. మీరు బతికే ఉన్నారని నాకు తెలుసు," అన్నారు గొంతు తగ్గించి. "కానీ నాకు తెలియడం వేరు, కాపరికి తెలియడం వేరు."

"అయితే మార్చండి అయ్యగారూ."

ఆయన ల్యాప్‌టాప్ తిప్పి చూపించారు. నా పేరు ఎదురుగా నిద్రించినవారు అని ఉంది. దాన్ని మార్చడానికి కిందికి లాగితే ఒక్కటే మాట ఉంది. పునరుత్థానం.

"నొక్కండి మరి!"

"నాకు అధికారం లేదమ్మా. నొక్కితే మహాసభ కార్యాలయాన్ని సంప్రదించమంటోంది." ఆయన నుదురు తుడుచుకున్నారు. "అయినా ఒక మామూలు పాస్టరు పునరుత్థానం జరిపించాడంటే రేపు నామీద ఎన్ని మాటలొస్తాయో ఆలోచించండి. ఇంకో మాట, ఏమీ అనుకోకండి. రేపటి ఆదరణ కూడిక కాపరి ఖాయం చేసేసింది. బిర్యానీ కూడా చెప్పేసింది. జరిపించకపోతే నాకు మార్కులు పోతాయి. మీరు కూడా రండి."

వెళ్లాను. నా కూడికకు నేను వెళ్లకపోతే ఎలా? వెనక బల్లమీద కూర్చున్నాను. నలభై ఒక్క మంది వచ్చారు. సంఘ పెద్ద ఒకాయన లేచి, "కెజియమ్మ గారు సాత్వికురాలు, ఎన్నడూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు" అన్నాడు. జనమంతా ఒక్కసారి వెనక్కి తిరిగి నా వంక చూశారు. తబిత లేచి, నిద్రించేముందు వదిన పెళ్లి ఆలోచన మానుకుందని సాక్ష్యం చెప్పింది.

"ఎప్పుడు మానుకున్నానే?" అని అరిచాను.

"అమ్మా, దయచేసి," అన్నారు అయ్యగారు చేతులు జోడించి, "కూడికలో నిద్రించినవారు మాట్లాడే పద్ధతి లేదు." గోడమీద తెర వెలిగింది. హాజరు నలభై ఒకటి, అదనంగా నిద్రించినవారు ఒకరు అని చూపించింది. బిర్యానీ మాత్రం బావుంది.

బుధవారం బస్సెక్కి ఇద్దరం పట్నంలో మహాసభ కార్యాలయానికి పోయాం. డిజిటల్ పరిచర్య విభాగం మూడో అంతస్తులో. వరండాలో 'నిద్రించినవారి సహాయ కేంద్రం' అని కొత్త బోర్డు. బెంచీ మీద అప్పటికే ఐదుగురు మృతులు కూర్చుని ఉన్నారు. ఒకాయన టిఫిన్ డబ్బా విప్పి ఉప్మా తింటున్నాడు. "మా ఐదుగురిదీ పక్క జిల్లా అండి. మా సంఘంలో మొన్న ఒక్క ప్రసంగానికే తొమ్మిది మందిమి పోయాం," అన్నాడు. మరి మిగతా నలుగురూ ఏరని అడిగితే, ఈ ఎండలో బస్సు ప్రయాణం పడదని ఊరుకున్నారట. కౌంటరులో అమ్మాయి నాకు టోకెనిచ్చి, "మృతులు మాత్రమే లోపలికి. ఈ సహోదరుడు ఏమవుతారు మీకు?" అంది.

"కాబోయే భర్త," అన్నాను.

ఆ అమ్మాయి కంప్యూటరు వంక, మాస్టారి వంక చూసి ఇద్దరినీ లోపలికి పంపేసింది.

డైరెక్టరు రెవరెండ్ డాక్టర్ తీతుబాబు గారు చల్లటి గదిలో ఉన్నారు. లేచి నిలబడి, రెండు చేతులూ జోడించారు. "సహోదరీ, మీ నిద్ర విషయమై మా విభాగం తరఫున ప్రగాఢ సంతాపం."

"నేను బతికే ఉన్నానండి."

"అది మీ వ్యక్తిగత విశ్వాసం. దాన్ని మేము గౌరవిస్తాం."

నేను సంచీలోంచి కాగితం తీసి బల్లమీద పెట్టాను. పింఛను కోసం ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్. నేను సజీవంగా ఉన్నానని ప్రభుత్వం ముద్ర. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివారు.

"ఇది లోకసంబంధమైన జీవానికి సాక్ష్యం," అన్నారు. "మా విభాగం వ్యవహరించేది ఆ జీవంతో కాదు కదమ్మా."

"ఆ పునరుత్థానం ఏదో నొక్కండి సార్," అన్నారు మాస్టారు.

"మహాసభ మొత్తానికీ ఆ మీట నొక్కే అధికారం నా ఒక్కడికే ఉంది. అటువంటి కార్యము పదిమంది చేతుల్లో ఉండరాదు గనుక. అయితే దరఖాస్తు మూడవ దినము ముగియకముందే అందవలెను. ఇది నేను పెట్టిన గడువు కాదు, ఆది నుండి ఉన్న ఆనవాయితీ. మీది ఈరోజుతో నాలుగవ దినం."

"యేసుప్రభువు లాజరును బతికించింది కూడా నాలుగో రోజే కదండీ?" అన్నాను.

ఆయన కళ్లజోడు తీశారు. పైకప్పు వంక చూశారు. "అది ప్రత్యేక అనుమతి. పైనుంచి వచ్చింది," అన్నారు.

"పోనీ కొత్త గొర్రెగా చేర్చుకోండి."

"సంతోషంగా! కానీ మీ ముఖం ఇప్పటికే మృతుల్లో నమోదైంది. వేరే ముఖంతో వస్తే వెంటనే చేర్చుకుంటాం."

నాకు ఒళ్లు మండిపోయింది. "పై గురువారం నా పెళ్లండి! ఈయనతో!"

తీతుబాబు గారు మాస్టారి భుజం మీద చెయ్యి వేశారు. చాలా జాలిగా చూశారు. "దుఃఖంలో ఉన్నవారికి ఇలా అనిపించడం సహజం సహోదరుడా. మా ఆన్‌లైన్ ఆదరణ లింకు పంపిస్తాను, రోజుకు రెండుసార్లు వినండి." తర్వాత డైరీ తిరగేసి ముఖం విప్పార్చారు. "ఆదివారం మీ సంఘానికే వస్తున్నాను. కాపరి రెండవ దశ ప్రారంభోత్సవం. ఇకమీదట ఏ కబురైనా క్షణాల్లో అందరికీ చేరుతుంది. ప్రసంగాంశం, మెలకువ."

బస్సులో నేను కిటికీకి తల ఆనించి ఏడ్చాను. ఎవరేమనుకుంటే నాకేం! పెళ్లి మాట అనకుండానే ఉండాల్సింది, గిన్నెలు తిరిగినన్నాళ్లు తిరిగేవి. మాస్టారు జేబులోంచి బస్సు టికెట్టు తీసి దాని వెనక పెన్నుతో ఏవో అంకెలు వేస్తూ కూర్చున్నారు.

"ఏమిటా రాతలు?" అన్నాను కోపంగా.

"చిన్న లెక్కండి. ఆదివారం చూద్దాం," అన్నారు.

ఆదివారం గుడి నిండిపోయింది. పక్క జిల్లాలో తొమ్మిది మంది పోయిన వార్త అప్పటికే ఊరంతా పాకింది. జనం నిద్ర రాకుండా నమలడానికి లవంగాలు, అల్లం ముక్కలు కొంగులకు కట్టుకుని వచ్చారు. అమ్మలు పిల్లల్ని గిల్లుతున్నారు. ప్రార్థన చెయ్యమంటే ఒక్కరూ కళ్లు మూయరే! అందరూ కెమెరాల వంక గుడ్లప్పగించి, మేకలు నెమరేసినట్టు పెదవులు ఆడిస్తున్నారు. మా అయ్యగారైతే రెప్ప వెయ్యకుండా ప్రార్థించీ ప్రార్థించీ కళ్లు ఎర్రబడి నీళ్లు కారుస్తున్నారు. ఎంత భక్తో అని డైరెక్టరుగారు మెచ్చుకున్నారు.

ప్రకటనల వేళ అయ్యగారు తెర వంక చూశారు. మా పెళ్లి ప్రకటన లేదు. ఆయన నా వంక చూడలేక తల దించుకున్నారు. తబిత నిట్టూర్చింది, సంతోషం పట్టలేక.

తీతుబాబు గారు ప్రసంగం మొదలుపెట్టబోతుండగా మాస్టారు హార్మోనియం ముందు నుంచి లేచారు. చేతులు కట్టుకున్నారు.

"అయ్యా, ఒక మనవి. నిద్రించిన మా సహోదరి కెజియమ్మ గారి జ్ఞాపకార్థం తమవంటి దైవజనులు మాచేత మౌనప్రార్థన చేయిస్తే బావుంటుంది. కళ్లు మూసుకుని, తలలు వంచి, మనసులోనే. రెండున్నర నిమిషాలు."

అంత మంది ముందు సంతాపానికి కాదంటారా ఎవరైనా? పైగా దైవజనులు అన్నారాయె! డైరెక్టరుగారి ముఖం వికసించింది. "ధన్యమైన తలంపు!" అని మైకు పట్టుకున్నారు. "అందరూ కన్నులు మూయండి. తలలు వంచండి. పెదవి కూడా కదపకండి. నిశ్శబ్దం."

జనం భయంగా ఒకరినొకరు చూసుకున్నారు. మాస్టారు అందరికంటే ముందు కళ్లు మూసుకున్నారు. డైరెక్టరుగారు చెప్పాక తప్పుతుందా, ఒక్కొక్కరే మూశారు. లవంగాలు నమిలే దవడలు ఆగిపోయాయి. ఆఖరికి అయ్యగారు, తబిత, తీతుబాబు గారు కూడా. నేనొక్కదాన్నే కళ్లు తెరిచి కూర్చున్నాను. చచ్చినదానికి ఇంక భయమేముంది?

రెండు నిమిషాలు దాటగానే టింగుమంది ఒక ఫోను. తర్వాత ఇంకోటి. తర్వాత గుడి గుడంతా టింగుటింగులే! రెండు వందల ఏడు పూలదండలు, నాలుగు వందల పద్నాలుగు కొవ్వొత్తులు. తబిత తన ఫొటో చూసుకుని కెవ్వుమంది. పాపం, ఆ ఫొటో కూడా ఏమంత బాగాలేదు.

తీతుబాబు గారు తన ఫోను చూసుకున్నారు. "డిజిటల్ పరిచర్య ధ్రువతార, రెవరెండ్ డాక్టర్ తీతుబాబు గారు ప్రభువునందు నిద్రించిరి" అని ఉంది. గబగబా పునరుత్థానం మీట నొక్కబోయారు. మృతుల లాగిన్ చెల్లదంది. కార్యాలయానికి ఫోను చేసి స్పీకరులో పెట్టారు.

"అయ్యగారూ!" అని కౌంటరు అమ్మాయి గొల్లుమంది. "మీ గొంతు వింటుంటే దుఃఖం ఆగట్లేదండీ!"

"నేను బతికే ఉన్నానమ్మా!"

"అది మీ వ్యక్తిగత విశ్వాసమండి. దాన్ని గౌరవిస్తాం," అంది ఆ పిల్ల ఏడుస్తూనే, నేర్పిన మాట తప్పకుండా. "మూడో దినం లోపల దరఖాస్తు పెట్టుకోండి. కానీ నొక్కాల్సింది మీరే కదండీ మరి!"

ఆయన ఫోను కిందికి దించి సంఘం వంక చూశారు. సంఘం ఆయన వంక చూసింది. అప్పుడు మా జెకర్యా అయ్యగారు నెమ్మదిగా నవ్వడం మొదలుపెట్టారు. మా గుడికి వచ్చిన పన్నెండేళ్లలో ఆయన అలా నవ్వడం నేను చూడలేదు. వెళ్లి తెర వైరు పీకేశారు.

"పెళ్లి జరిపించే లైసెన్సు నాకు ప్రభుత్వం ఇచ్చింది, కాపరి ఇవ్వలేదు," అన్నారు గట్టిగా. "బదిలీ భయంతో ఆ సంగతే మర్చిపోయాను. చచ్చాక ఇంకేం బదిలీ చేస్తారు నన్ను?" జేబులోంచి చీటీ తీసి చదివారు. "ఆశీర్వాదం గారికి, కెజియమ్మ గారికి జరగబోవు వివాహమును గూర్చి ఇది మూడవ ప్రకటన. అభ్యంతరం ఎవరికైనా ఉన్నదా?"

తబిత లేచింది. ఆమెను చూసి అయ్యగారు, "కూడికలో నిద్రించినవారు మాట్లాడే పద్ధతి లేదమ్మా," అన్నారు. కూర్చుంది.

గురువారం విధవరాళ్ల బల్లమీంచి లేచాను. గుడి మధ్య దారిలో, ఆ ఊళ్లో మృతులందరూ తలలు తిప్పి చూస్తుండగా, తలెత్తుకుని నడిచాను. మాస్టారు ఈసారి చొక్కా సరిగ్గానే తొడుక్కున్నారు. అయ్యగారు మా చేతులు కలిపారు. ఆయన ఒక్కొక్క మాటా చెబుతుంటే మేం వెంట చెప్పాం. కలిమిలోనూ లేమిలోనూ, రోగంలోనూ ఆరోగ్యంలోనూ. "మరణము మనలను ఎడబాపు వరకు" అనే చోటికొచ్చి ఆయన ఆగిపోయారు. పుస్తకంలోంచి తలెత్తి మమ్మల్నిద్దర్నీ చూసి ఇబ్బందిపడ్డారు.

"ఈ మాట మీచేత ఎలా చెప్పించమంటారమ్మా?"

మాస్టారు నా చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు.

"అది మాకు చెరొకసారి అయిపోయిందండి అయ్యగారూ," అన్నాను. "ఆ తర్వాతి మాట చెప్పించండి."